దేశాంతర సహవాసమును మన వేదాంత కళాశాలయు
(నిర్మల్ సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

శతవార్షికోత్సవ సంచికలో వేయుటకు ఈ ప్రసంగమును వ్రాసి ఇమ్మని సంపాదకవర్గము వారు కోరినారు. నోటితో చెప్పినప్పుడు దొర్లిన కొన్ని మాటలు విడిచి, మిగిలినది చెప్పినది చెప్పినట్లే ఇచ్చుచున్నాము.

మాకు ఇచ్చిన అంశము ఇది: వేదాంత కళాశాలలో ఇతర దేశముల వారితోను, ఇతర సంస్కృతుల వారితోను సంబంధములు ఎట్లు పెంపొందించవలెను? వినగానే ఇది హైదరాబాదులో ప్రొఫెసర్లు మాటలాడుకొనవలసిన సంగతి గదా, నిర్మల్‌లో మనకేమి అని మీలో కొందరికి తోచవచ్చును. కమిటీలో ఒక పెద్దమనిషి ఇంకా సూటిగా అడిగినారు. "దొరలు వచ్చుడు, పోవుడు ఎప్పుడో అయిపాయె గద అయ్యగారూ. ఇప్పుడు మళ్ల వాళ్లతోని మనకేం పని?" అన్నారు. ప్రశ్న మంచిది. ఈ ప్రసంగమంతయు ఆయనకు జవాబు అనుకొనుడు.

ముందుగా ఒక సంగతి. నిర్మల్ ఏనాడును ఒంటరి ఊరు కాదు. హైదరాబాదు నుండి నాగపూరు పోవు రహదారి మన మీదుగానే పోవుచున్నది. అంగడి దినమున బజారులో పది అడుగులు నడిచితే తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినబడును. అడవి దిక్కు నుండి వచ్చినవారి నోట గోండి కూడ వినబడును. పొణికి చెక్కతో నకాషీ వారు చేసిన మన బొమ్మలు ఎవరెవరి ఇండ్లలోనో ఏయే దేశములలోనో ఉన్నవి. కాబట్టి పరాయివానిని చూచి బెదరు ఊరు కాదు మనది. అయితే నాలుగు భాషలు వినుట వేరు, నాలుగు భాషల వారితో కూర్చుండి భుజించుట వేరు.

దొరల కాలము అని మనము ఒక్క మాటలో కొట్టివేయు ఆ కాలములో కూడ రెండు విధములైన సంబంధములు ఉండెను. మనకు దగ్గరలోనే ఉన్న డిచ్‌పల్లి సంగతి తీసికొనుడు. స్కాట్లండు నుండి వచ్చిన డాక్టరమ్మ ఇసాబెల్ కెర్ గారు నిజామాబాదు ప్రాంతములో కుష్ఠురోగుల వైద్యము ఆరంభించినప్పుడు స్థలము చాలక, సొమ్ము చాలక నిలిచిపోవలసిన స్థితి వచ్చినది. అప్పుడు ఆదుకొన్నది సముద్రము అవతలి మిషను మాత్రమే కాదు. నర్సాగౌడ్ అను హిందూ ధనికుడు ముందుకు వచ్చి విరాళము ఇచ్చినాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరువబడినది. ఇందులో ఎవరు ఇచ్చువారు, ఎవరు పుచ్చుకొనువారు? దొరసాని ఇచ్చినది అని మన పెద్దలు చెప్పుదురు. మా దృష్టికి మాత్రము దొరసాని కూడ మన ఊరి మనిషి యొద్ద చేయి చాచి పుచ్చుకొన్నది.

రెండవ విధము సంబంధము గురించి చెప్పినవారు బిషప్ అజరయ్య గారు. ఆయన తెలుగువారు కారు, తిరునెల్వేలి తమిళులు. 1909లో దోర్నకల్ వచ్చి, మన భాష నేర్చుకొని, మన మధ్య పని చేసినారు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినప్పుడు వందల కొలది తెల్లవారి మధ్య ఆసియా నుండి వెళ్లినవారు ఇరువదిమంది కూడ లేరు. వారిలో ఒకరైన అజరయ్య గారు లేచి, మిషనెరీల త్యాగమును ప్రేమను ఎంతగానో కొనియాడి, ఆ తరువాత అసలు లోపమును చెప్పినారు. మాకు ధనము, ప్రాణము ఇచ్చినారు గాని స్నేహము ఇవ్వలేదు, మాకు స్నేహితులను ఇయ్యుడు అని అడిగినారు. సభలో కొందరికి అది రుచింపలేదు. రెండేండ్లకు, 1912లో, ఆయనే దోర్నకల్ బిషప్ అయినారు. ఆంగ్లికను సంఘములో భారతీయుడైన మొదటి బిషప్ ఆయన. ఆయన కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయమును చూచినవారికి తెలియును, అందులో హిందూ ఆలయ స్తంభముల పోకడయు, మసీదు గుమ్మటముల పోకడయు కలిసి ఉన్నవి. పక్కింటివారి యొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడని మనిషి కట్టిన గుడి అది.

ఇక కళాశాల సంగతికి వత్తుము. మన తెలుగు సంఘముల చరిత్రలో ఒక వింత ఉన్నది. గుంటూరు లూథరనులు అమెరికా వైపు చూచినారు. కాకినాడ బాప్టిస్టులు కెనడా వైపు చూచినారు. మెదక్ మెథడిస్టులమైన మన తాత ముత్తాతలు ఇంగ్లండు వైపు చూచినారు. ఏడు సముద్రముల అవతల ఎవరి ఉత్తరము ఎప్పుడు వచ్చునో తెలియును గాని, పక్క జిల్లాలో ఉన్న తెలుగు క్రైస్తవుడు ఏ కీర్తన పాడుచున్నాడో తెలియదు. అంతర్జాతీయ సంబంధము మనకు ఎప్పుడును కొరత కాలేదు. ఇరుగుపొరుగు సంబంధమే కొరత.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ గోడలలో ఒకటి కూలినది. 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆరంభమైనప్పుడు మరియొకటి కూలినది. లూథరనులు, బాప్టిస్టులు, మెథడిస్టులు, మనవారు తమ తమ సెమినరీలను విడిచి ఒకే కప్పు క్రింద బోధకులను తయారు చేయ పూనుకొన్నారు. 1973లో ఆ కళాశాల హైదరాబాదునకు తరలినది. ఆ సంవత్సరములను గుర్తుపెట్టుకొనుడు. 1969లో తెలంగాణ ఉద్యమము, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమము. ఆ గొడవలు చల్లారీ చల్లారని దినములలో కోస్తా పిల్లలును తెలంగాణ పిల్లలును ఒకే మెస్సులో అన్నము తిని, ఒకే గదిలో పండుకొని, ఒకే హీబ్రూ వ్యాకరణముతో కుస్తీ పట్టవలసి వచ్చినది. సంస్కృతుల సంభాషణ అన్న పెద్ద మాటకు అర్థము అక్కడనే ఆరంభమైనది. ఒకరి యాసకు ఒకరు నవ్వకుండుట నేర్చుకొనుటకే ఒక సంవత్సరము పట్టునని వేదాంత కళాశాల హాస్టలులో ఉన్నవారెవరైనను చెప్పుదురు. మా కాలమునాటికి కూడ ఆ నవ్వు పూర్తిగా పోలేదు!

మేము పుచ్చుకొన్న డిగ్రీ కాగితము సంగతి కూడ చెప్పవలెను. అది సేరాంపూరు సెనేటు వారిది. ఇంగ్లండులో చెప్పులు కుట్టిన విలియం కేరీ తన స్నేహితులతో కలిసి బెంగాలులో 1818లో స్థాపించిన కళాశాలకు, 1827లో డెన్మార్కు రాజు పట్టాలు ఇచ్చు అధికారమును సన్నదుగా ఇచ్చినాడు. తెలంగాణ పల్లెలో పుట్టిన పిల్లవాడు హైదరాబాదులో చదివి, డేన్ల రాజు ఇచ్చిన అధికారము మీద పట్టా పుచ్చుకొనుచున్నాడు. కాబట్టి వేదాంత కళాశాలను అంతర్జాతీయము చేయవలెనా అని ఎవరైనను అడిగితే, అది పుట్టుకతోనే అట్టిది. ఆ సంబంధము ఏ రీతిగా ఉండవలెను అన్నదే అసలు ప్రశ్న.

దీనికి మాకు తెలిసిన మంచి మాదిరి మన మెదక్ పల్లెలలోనే ఉన్నది. 1959లో మన సంఘ గురువు పి. వై. లూకా గారును, అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ కార్మన్ గారును కలిసి మెదక్ ప్రాంతములోని జంగరాయి సెక్షను పల్లెలకు వెళ్లినారు. ప్రసంగించుటకు కాదు, వినుటకు. క్రైస్తవులు పెండ్లి ఎట్లు చేసికొనుచున్నారు, ఎవరు చనిపోతే ఏమి చేయుచున్నారు, ఊరిలో పోచమ్మ పండుగ వచ్చినప్పుడు ఎటు నిలబడుచున్నారు, ఏ పాటలు పాడుచున్నారు అని ఓపికతో అడిగి తెలిసికొన్నారు. 1968లో దానిని లండనులో పుస్తకముగా వేసినారు. ఒకరు తెలుగువారు, ఒకరు అమెరికనులు. ఇద్దరి పేర్లును అట్ట మీద ఉన్నవి. ఆ కార్మన్ గారు తరువాత రామానుజుని వేదాంతము మీద 1974లో పెద్ద పుస్తకము వ్రాసి, హార్వర్డులో ప్రపంచ మతముల అధ్యయన కేంద్రమునకు చాలకాలము అధిపతిగా ఉన్నారు. అంత పెద్ద చదువుల గద్దె ఎక్కినవారు కూడ జంగరాయిని మరువలేదు. యాబై ఏండ్ల తరువాత చిల్కూరి వసంతరావు గారితో కలిసి తిరిగి ఆ సంఘముల స్థితిని పరిశీలించి, 2014లో రెండవ పుస్తకము ప్రకటించినారు. క్షీణించినది ఏది, తిరిగి చిగిర్చినది ఏది అని దాచకుండ వ్రాసినారు.

దీనిని ఎందుకు మెచ్చుకొనుచున్నాము? అతిథి తొందరపడలేదు. ఒంటరిగా రాలేదు, ఊరి గురువును జతగా తీసికొని వచ్చినాడు. ఒకసారి వచ్చి మరచిపోలేదు. అయితే ఒక కొరత కూడ చెప్పవలసి ఉన్నది. ఆ రెండు పుస్తకములును ఇంగ్లీషులో ఉన్నవి. ఎవరి బ్రతుకును గురించి వ్రాసినారో ఆ ఇంటివారు చదువవలెనన్న ఇంగ్లీషు రావలెను. పల్లె నుండి తీసికొన్న మాటను పల్లెకు తెలుగులో తిరిగి చెప్పుట కళాశాల బాధ్యత అని మా అభిప్రాయము. ఎవరైనను విదేశీ విద్యార్థి మన యొద్ద వ్యాసము వ్రాసికొని పోయినచో, దాని సారము ఆదివారము ఆరాధన తరువాత పది నిమిషములు తెలుగులో చదువబడవలెను. వినినవారు "అట్ల కాదు" అని దిద్దుటకు వీలుండవలెను.

మేము విద్యార్థిగా ఉన్న దినములలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పుట ఇక్కడ అనుకూలము. ఒక విదేశీ విద్యార్థిని వెంటబెట్టుకొని ఒక పల్లె సంఘమునకు వెళ్లినాము. ఆచారము ప్రకారము పూలదండలు, పాట, టీ అయినవి. పల్లె పెద్దలు తమ చర్చి కప్పు ఎట్లు కారుచున్నదో చూపించినారు. అతడు తల ఊపినాడు. ఇంతవరకు అన్ని ఊళ్లలో జరుగునదే. అప్పుడు మూలకు కూర్చున్న ఒక ముసలమ్మ, "మీ దిక్కు వానలు మంచిగ పడ్డయా బిడ్డా?" అని అడిగినది. మాతో ఉన్న మిత్రుడు దానిని ఇంగ్లీషులో చెప్పుచు, మీ దేశపు వాతావరణ పరిస్థితులను గూర్చి అడుగుచున్నది అని పెద్దగా మార్చివేసినాడు. వాడు ఎప్పుడును అంతే! మేము మెల్లగా సరిచేసి చెప్పినాము. అంతవరకు తల ఊపుచున్న ఆ పిల్లవాడు నోరు విప్పినాడు. తన తండ్రియు రైతేనట, ఆ ఏడు వానలు ఆగక పంట పొలములోనే కుళ్లిపోయినదట, తండ్రి ఎవరితోను మాటలాడుట లేదట. ముసలమ్మ లేచి వచ్చి అతని తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసినది. మాకు తెలిసి ఆ పల్లె ఒక విదేశీయునికి ఏదైనను ఇచ్చుట అదే మొదటిసారి. చర్చి కప్పు సంగతి ఆ తరువాత ఎవరును ఎత్తలేదు. ఆ కప్పు తరువాత ఊరివారే బాగు చేసికొన్నారని విన్నాము.

అతిథిని చందా పుస్తకముగా చూచుట మానితేనే అతడు మనిషిగా కనబడును. లండను మిషను వంశములోని సంస్థ 1977లో ప్రపంచ మిషను కౌన్సిలుగా మారినప్పుడు, ఒకప్పుడు ఇచ్చిన సంఘములును పుచ్చుకొన్న సంఘములును ఒకే బల్ల చుట్టు సమానముగా కూర్చుండవలెనని ఏర్పాటు చేసికొన్నారు. మన సంఘము కూడ అందులో ఉన్నది. కాగితము మీద ఇది బాగున్నది. అయితే బల్ల వద్ద కూర్చున్న తరువాత కూడ మనము "మాకు ఏమి ఇచ్చెదరు?" అనియే అడిగితే కుర్చీ మారినదే గాని మనసు మారలేదు.

ఇప్పుడు కొంచెము కష్టమైన సంగతికి వత్తుము. సంభాషణ అన్న మాట వినగానే మనవారిలో కొందరికి భయము. ఇతర మతస్థులతో కూర్చుండి మాటలాడితే మన విశ్వాసము పలుచబడునేమో, సువార్త పని ఆగునేమో అని. ఈ భయమును మేము తేలికగా తీసివేయము. అయితే అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయము తీసి చూడుడు. పేతురు కొర్నేలి ఇంటికి బోధకుడుగా వెళ్లినాడు, నిజమే. దానితోపాటు అతిథిగా కూడ వెళ్లినాడు. బాప్తిస్మములు అయిన తరువాత వారు కోరగా కొన్ని దినములు అక్కడనే ఉండినాడు. ఆ కొన్ని దినములు ఏమి తిన్నాడో లూకా వ్రాయలేదు గాని, యెరూషలేములోని సహోదరులు తరువాత అతనిని నిలదీసినది ఆ భోజనము గురించియే. అతడు బోధించినదానికి కాదు, కలిసి తిన్నదానికి తప్పు పట్టినారు. ఎడింబరోలో అజరయ్య గారికి కలిగిన బాధ కూడ ఇదియే గదా! అటు సువార్త చెప్పినాడు, ఇటు తాను కూడ క్రొత్త సంగతి నేర్చుకొన్నాడు. ఈ రెండును పేతురునందు కలిసి ఉండగా మనయందు ఎందుకు కలియవు?

హైదరాబాదులోని హెన్రీ మార్టిన్ సంస్థ చరిత్రయు దీనికి సాక్ష్యము. క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి, పారశీకములోనికి తెచ్చిన చాప్లెయిను పేరు మీద 1930లో లాహోరులో మొదలైనది, మహమ్మదీయుల మధ్య పని చేయు మిషనెరీలకు తర్ఫీదు ఇచ్చుటకు. ఊళ్లు మారి 1971లో హైదరాబాదు చేరినది. 1990 డిసెంబరులో పాతబస్తీలో మతకల్లోలములు చెలరేగిన తరువాత ఆ సంస్థ వారు పుస్తకములు మూసి వీధులలోనికి వెళ్లి, కొట్టుకొన్న ఇరువర్గముల స్త్రీలను పిల్లలను ఒకచోట చేర్చు పని పట్టుకొన్నారు. వేదాంత విద్యార్థులు ఖురాను పరిచయము అక్కడ పొందవచ్చును. అంతకన్న ముఖ్యముగా, ఒక ముస్లిం ఇంటిలో చాయ్ త్రాగుట నేర్చుకొనవచ్చును. నిర్మల్ వంటి ఊరికి రాబోవు గురువునకు జర్మను భాష రాకపోయినను గడచును గాని, ఉర్దూ రాకపోతే సగము బజారుతో మూగవాడే.

ఇంకొక దిక్కు చూపెదము. ఇది మిషను సంగతి కాదు గాని మన అడవి సంగతి. 1940లో కుమ్రం భీము మరణించిన తరువాత గోండుల బాధలు ఏమిటో తెలిసికొనుటకు నిజాం ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను పండితుని నియమించినది. ఆయన వియన్నాలో పుట్టినవాడు. ద్వితీయ ప్రపంచ యుద్ధము రాగా శత్రుదేశ పౌరుడని హైదరాబాదు రాజ్యము దాటరాదన్నారు. కదలకూడదన్న మనిషి మార్లవాయిలో గుడిసె వేసికొని భార్య బెట్టీ గారితో నివసించినాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము ఆరంభమైనది. గోండి భాషలోనే వాచకములు తయారైనవి. భూముల పట్టాలకు ఆయన నివేదికలు ఆధారమైనవి. 1987లో హైదరాబాదులో మరణించిన బెట్టీ గారి సమాధి మార్లవాయిలోనే ఉన్నది. ఆయన 1995లో లండనులో మరణించగా, అస్థికలు 2012లో అక్కడికే చేరినవి. ఆ పల్లెవారు ఆయనను పరాయివాడని అనుకొనరు. వియన్నా నుండి వచ్చినవాడు గోండి వాచకము గురించి ఆలోచించినాడు. మన జిల్లాలలో పుట్టి వేదాంతము చదివిన మాలో ఎందరికి గోండిలో ఒక ప్రార్థన వచ్చును?

అందుచేత కళాశాలకు మేము వ్రాసి పంపదలచిన సలహా ఇది. విదేశమునకు ఒక విద్యార్థిని పంపునప్పుడు, అతడు అంతకు ముందు మూడు నెలలైనను మార్లవాయి దిక్కునో పాతబస్తీలోనో ఉండి, వారి భాషలో మాటలాడుట నేర్చుకొని ఉండవలెను. విదేశము నుండి వచ్చు విద్యార్థికి కూడ అదే నియమము: ముందు తెలుగు, తరువాత లైబ్రరీ. క్రిస్మసు వారములో వచ్చి దండలు వేయించుకొని పోవుట కాదు, నాట్లు వేయు దినములలో వచ్చి బురద చూడవలెను. ఖర్చు సంగతి అడుగుదురు. దండలకు, బ్యానర్లకు, ఫోటోలకు పెట్టునది ఆపితే చాలవరకు సరిపోవునని మా లెక్క.

చివరగా ఒక మాట, ఇది ఎవరిని నొప్పించుటకు కాదు. విదేశీయుడు వచ్చినప్పుడు మన ఇండ్లలో అతనిని పీట వేసి కూర్చుండబెట్టి, మనతోపాటు భోజనము పెట్టుచున్నాము. సంతోషము. అదే సంఘములో, అదే బల్ల యొద్ద రొట్టె ద్రాక్షారసము పుచ్చుకొన్నవారము, మాల గూడెమునకు మాదిగ గూడెమునకు మధ్య ఇంకను ఆ పీట వేయలేదు. పెండ్లి సంబంధముల మాట అటుంచి, పెండ్లి భోజనములకే వెనుకాడు ఇండ్లు ఉన్నవి. ఎనిమిది వేల మైళ్ల దూరము నుండి వచ్చినవానికి దొరికిన కుర్చీ ఎనిమిది గజముల దూరమున ఉన్నవానికి దొరకకపోతే, మన అతిథి సత్కారమును గూర్చి ఆ విదేశీ విద్యార్థి తన పుస్తకములో ఏమి వ్రాసికొని పోవును? వారు మన ముఖస్తుతి చేయుటకు రారు. కండ్లతో చూచుటకు వచ్చెదరు.

కళాశాల నుండి ఎవరైనను విద్యార్థి, స్వదేశీయుడైనను విదేశీయుడైనను, వానకాలములో మన సంఘములో ఉండుటకు వచ్చినచో ఒక్కొక్క ఇంట వారము చొప్పున ఉంచవలెనని తలంచుచున్నాము. ఒకే గూడెములో కాదు, అన్ని గూడెములలోను. సమ్మతించు కుటుంబములవారు తమ పేర్లు సంఘ కార్యదర్శికి ఇవ్వగలరు. మంచము, ఫ్యాను ఉండవలెనని లేదు. మీరు తిను జొన్నరొట్టెయే పెట్టవచ్చును. కారము మాత్రము మొదటి వారము కొంచెము తగ్గించుడు. ఇంటిలో ముసలివారు ఉన్న కుటుంబములు ముందుగా పేర్లు ఇచ్చినచో మంచిది, ప్రశ్నలు అడుగుట వారికే బాగుగా వచ్చును.